ఆదివారం ముక్క

వరస కదల్లేదు, కదిలిందనుకున్నాను అంతే. ముందున్న హెల్మెట్ ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు, దానికే నేను సంచీ సర్దుకుని అడుగు వెయ్యబోయాను. మూడేళ్లయింది ఈ కొట్టు ముందు నిలబడి, నిలబడే పద్ధతి కూడా మర్చిపోయినట్టున్నాను. కొట్టు మాత్రం ఏమీ మారలేదు. రేకుల కప్పు, దాని కింద మూడంతస్తుల ఇనప పంజరం, పై అంతస్తులో కోళ్లు నిలబడి, కింది అంతస్తులో కూచుని, మధ్య అంతస్తులోవి ఎందుకో అన్నీ ఒకే వైపు తిరిగి. పంజరం పక్కన తూకం, తూకం పక్కన నీలం డ్రమ్ము, ఆ తర్వాత నడిమిన గుంటపడిపోయిన కోత మొద్దు. కొట్టాయన తెల్ల రబ్బరు బూట్లు ఒక్కటే కొత్తవి. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు, ఆయన కంటే పెద్దవాళ్లు కూడా. "బాబాయ్, కాస్త తొందరగా కానీ" అని ఎవరో వెనక నుంచి అరిస్తే "తొందరైతే గుడ్లు పట్టుకెళ్లి ఉడకేసుకో" అని కత్తి ఆపకుండానే అన్నాడు. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వాక నా నవ్వు నాకే వింతగా తోచింది, ఇక్కడికొస్తే నవ్వకూడదని ఎప్పుడో నాకు నేనే ఒట్టు పెట్టుకున్నట్టు.

రావాల్సింది అమ్మ. అమ్మ చీలమండ బెణికి, కాలికి గుడ్డ చుట్టుకుని, వంటింట్లో కుర్చీ మీద కూచుని ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్న పొద్దున్నే వెల్డింగు సామాను వేసుకుని వెళ్లిపోయారు, ఏదో బడి గేటు ఒక పక్క ఊడి వేలాడుతోందట, పిల్లలు లేని రోజే ఆ పని కావాలట. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా, "రెండు కోళ్లు తే అమ్మాయ్. వారానికి ఒక్క పూటే అయితే ఆ పూటైనా కడుపు నిండాలిగా" అన్నారు. అప్పటికే నేను ఒప్పేసుకున్నట్టు. నేను అవుననీ కాదనీ అనలేదు. నేను ఏదీ అనకపోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే, దానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. బుధవారం నుంచీ ఇదే నడుస్తోంది. బుధవారం రాత్రి అన్నాల దగ్గర నాన్న తన కంచం జరిపి, నా చిన్న గిన్నె కేసి, అందులో ఉన్న నా కూర కేసి కాసేపు చూసి బేరం పెట్టారు. ఆయన ఏది చెప్పినా బేరం లాగే చెప్తారు, వెల్డింగు షెడ్డులో గేటు ధర మాట్లాడినట్టే. "చూడు తల్లీ. నువ్వు ఆదివారం నా పక్కన కూచుని, నా కంచంలోది ఒక్క ముక్క తిను. ఒక్కటే. మిగతా ఆరు రోజులూ ఈ ఇంట్లో పొయ్యి మీదికి మాంసం ఎక్కదు. నేను తేను, బయట తినను. నువ్వు తినకపోతే ఎప్పట్లాగే." అమ్మ గరిటె మళ్లీ గిన్నెలో పెట్టేసింది. "ఆదివారం కంచం ముందు చెప్పు. ఇప్పుడే చెప్పక్కర్లేదు" అని, ఎప్పట్లాగే తినేసి, చెయ్యి కడుక్కున్నారు.

ఎప్పట్లాగే అంటే రోజూ సాయంత్రం బండి హ్యాండిల్‌కి వేలాడుతూ వచ్చే నల్ల సంచీ. రోజూ. ఒక రోజు కోడి, ఒక రోజు చేప, ఒక రోజు వేట మాంసం. షెడ్డు మూసి వస్తూ వస్తూ తేవడం ఆయనకి చెమట తుడుచుకోవడంలాంటి పని. చిన్నప్పుడు పండగకి తప్ప మాంసం ముఖం చూడలేదట. ఆ లోటు ఏదో ఇప్పుడు తీర్చుకుంటున్నారని అమ్మ అంటుంది. తీరేది కాదులే అని కూడా అంటుంది. అంటే నేను ఇవాళ ఒక్క ముక్క తింటే ఆరు సంచీలు ఆగుతాయి. తినకపోతే నా చెయ్యి శుభ్రంగా ఉంటుంది, సంచీలు వస్తూనే ఉంటాయి. చిన్నపిల్లకి కూడా తెలిసిపోయే లెక్క ఇది. లెక్క అంత తేలిగ్గా ఉంది కాబట్టే బుధవారం నుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు. తేలిగ్గా ఉన్న చోట ఏదో దాగి ఉందనిపిస్తుంది నాకు, కళ్లద్దాల పని నేర్పిన అలవాటు, అద్దం చూడ్డానికి బాగానే ఉంటుంది, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే గీత కనిపిస్తుంది.

"ఎవరైనా సగం తీసుకుంటారా? సగం నాకు, సగం మీకు" అని నా వెనక నుంచి వినిపించింది. రిటైరైన నర్సు ఆవిడ, మా వీధి చివరి మేడలో పై గదిలో ఒక్కతే ఉంటుంది, అందరం నర్సమ్మగారంటాం. ఇంత ఎండలోనూ గొడుగు మూసి పట్టుకుని దాని మీద ఆనుకుంటుంది. మూడేళ్ల కిందట అమ్మతో వచ్చినప్పుడు కూడా ఇదే అడుగుతూ ఉండేది. ఈ కొట్లో పక్షిని సగం అమ్మరు. పంజరంలోంచి మనమే వేలు పెట్టి చూపించాలి, ఆయన దాన్ని మన ముందే తూచి కోస్తాడు. మిగిలిన సగాన్ని ఎవరూ కొనరని, ఈగలకి పెట్టడానికి తను కొట్టు పెట్టలేదని ఆయన అంటాడు. 'సగం అడగరాదు' అని సుద్దముక్కతో రేకు మీద రాసి పెట్టాడు, ఆ రాత అరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుతాడు.

"సగం తీసుకెళ్తే మా ఇంట్లో మా పిల్లికే చాలదండీ" అన్నాడు హెల్మెట్ ఆయన వెనక్కి తిరిగి.

"పిల్లికైనా సరే, తీసుకోవయ్యా."

"బాబాయ్, ఈవిడకి ఒక సగం పక్షిని పుట్టించరాదూ."

"పుట్టించొచ్చు. ఒంటికాలి మీద పంజరంలో ఎంతసేపు నిలబడుద్ది పాపం" అన్నాడు కొట్టాయన. నర్సమ్మగారు కూడా నవ్వింది, ఆవిడకి ఇది అలవాటే. తర్వాత నాతో, నేను అడక్కుండానే, గొంతు తగ్గించి చెప్పింది. "మొత్తం తీసుకెళ్తే నాలుగు రోజులు అదే తినాలమ్మా. నాకు అంత తినే వయసా? పారేద్దామంటే చేతులు రావు. మన కోసం చచ్చిన దానికి ఆ మాత్రం మర్యాదైనా చెయ్యద్దూ. అందుకని తినేస్తాను, ఆకలి లేకపోయినా." నేను తలూపాను. ఆకలి లేకపోయినా మర్యాద కోసం తినడం గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. నేను మర్యాద కోసం మానేశాను, ఈవిడ మర్యాద కోసం తింటోంది, ఇద్దరం ఒకే పక్షి దగ్గర నిలబడి ఉన్నాం.

మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది, అందులో గొప్ప సంగతి ఏమీ లేదు. అమ్మకి జ్వరమొచ్చి నన్ను కడగమంది. నాన్న ఆ రోజు తెచ్చింది గుడ్లు పెట్టే పెట్ట. కడుపు లోపల చెయ్యి పెట్టి తీస్తే గుడ్లు వరసగా వచ్చాయి. పెంకు గట్టిపడుతున్నది ఒకటి, దాని వెనక పెంకు లేని పసుపుపచ్చ ఉండ, దాని వెనక ఇంకొంచెం చిన్నది, ఇంకా చిన్నది, చివరికి గుత్తిలాగా ఆవగింజలంతవి. రేపు పెట్టబోయేది, ఎల్లుండి పెట్టబోయేది, అవతలెల్లుండిది, అలా వచ్చే నెలలదాకా అన్నీ దాని లోపల వరసలో నిలబడి ఉన్నాయి, ఇప్పుడు మేం నిలబడినట్టే. చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. అవతలెల్లుండి అనే మాటకి ఒక రంగు ఉంటుందని తెలిసింది. కడిగి ఇచ్చాను, అమ్మ పడక మీద నుంచి చెప్తుంటే నేనే వండాను, వడ్డించాను. నా కంచంలో వేసుకోలేదు. "ఏం?" అన్నారు నాన్న. "నేను తినను" అన్నాను. "ఈ పూటకా?" "ఇంకెప్పుడూ." నాన్న నవ్వి, "నెల్లాళ్లు చూద్దాం" అన్నారు. నెల అయిపోయింది, ఆయన నవ్వడం మానేశారు. నాకు ఒక గిన్నె, ఒక గరిటె వేరే వచ్చాయి. మా ఇంట్లో నా మాటలు ఎప్పుడూ గాలికే పోయేవి. ఊరి బళ్లో పదో తరగతి అయ్యాక ఇంకా చదువుతానంటే పోయింది, పట్నం వద్దంటే పోయింది, ఒక పెళ్లి సంబంధం వద్దంటే ఆ మాటా పోయింది, చివరికి అబ్బాయి వాళ్లకే నేను నచ్చక అది తప్పింది. నేను అని, నిలబడిన వాక్యం ఒక్కటే, నేను తినను. రెండు మాటలు. ఇవాళ అడుగుతున్నది ఒక్క ముక్క కాదు, ఆ వాక్యం. దాన్ని ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేం ఉంటుందో నాకు తెలీదు.

వరస కదిలింది, ఈసారి నిజంగానే. ఒకావిడ తడి సంచీ పట్టుకుని చీర కొంగు ఎత్తి దూకుతూ వెళ్లింది, నేల మీద నీళ్లు. నీళ్ల మీద రంపప్పొట్టు చల్లారు, అయినా జారుతుంది. నేనిక్కడ వరసలో నిలబడ్డ సంగతి మా కళ్లద్దాల కొట్లో నా పక్క బల్ల అక్కకి తెలిస్తే ఏమంటుందో అనుకున్నాను. తెలిస్తే అనేముంది, నేనే చెప్తాను, అక్క దగ్గర దాచడం నా వల్ల కాదు. నేను అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముకి సరిపెడతాను, అక్క మరలు బిగిస్తుంది. నాకన్నా ముందే మానేసింది, పాలు కూడా ముట్టదు, టీ నల్లగా తాగుతుంది. బేరం సంగతి గురువారం చెప్పాను. మర తిప్పుతున్న చేతిని ఆపి, "వారానికి ఒక్కసారే పెళ్లాన్ని కొట్టేవాణ్ణి మంచోడంటావా?" అంది. "తప్పయినప్పుడు కొంచెం తప్పు ఏమిటే. తగ్గించడం అంటే దానికి వేళలు పెట్టుకోవడం. అంతే. పైగా నీ చేతా తినిపిస్తున్నాడు మీ నాన్న, రేపటి నుంచీ నోరెత్తకుండా." మళ్లీ మర తిప్పడం మొదలుపెట్టింది. నేను అరగదీస్తున్న అద్దం ఆ మధ్యాహ్నం కొంచెం ఎక్కువ అరిగి, ఫ్రేములో వదులైంది, మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. నాకెప్పుడూ జవాబులు ఆలస్యంగానే వస్తాయి. అక్క మాటకి జవాబు రాత్రి పడుకున్నాక వచ్చింది. ఆ పెళ్లాన్ని అడిగితే? రోజూ తన్నులు తినే మనిషి దగ్గరికి వెళ్లి, ఆరు రోజులు మాన్పించగలను గానీ ఏడో రోజు నా వల్ల కాదు, దానికి నేనూ ఆ పూట గుమ్మంలో నిలబడి చూడాలి, ఒప్పుకోనా వద్దా అని అడిగితే, వద్దు, నీ చెయ్యి మైలపడుతుంది, రోజూ కొట్టనీ అంటుందా? అనదు. అయితే ఏడో రోజు నన్ను గుమ్మంలో చూసి ఏమనుకుంటుంది? అక్కడ ఆగిపోయాను. కంటి డాక్టరు దగ్గర కూచోబెట్టి అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతారు. ఎవరో ఒకరు తప్పక, రెండూ ఒకేలా ఉన్నాయండీ అంటారు, అని తప్పు చేసినట్టు తల దించుకుంటారు. నా పరిస్థితి అది కూడా కాదు. ఇది పెడితే దూరంగా ఉన్నవి బాగున్నాయి, అది పెడితే దగ్గరగా ఉన్నవి బాగున్నాయి.

మా ఊళ్లో ఇలాంటి కొట్టు లేదు. మేకలున్న ఆయన ఒకాయన ఇంటింటికీ వచ్చి, వాటా కావాలా అని అడిగేవాడు. చాలినన్ని ఇళ్లు సరేనంటేనే కోసేవాడు, లేకపోతే మాంసం మిగిలిపోతుందని ఊరుకునేవాడు. ఒకసారి ఆయన వచ్చినప్పుడు అమ్మ ఇంట్లో లేదు. నేను గుమ్మంలో కూచుని ఎక్కాలు రాసుకుంటున్నాను. "అమ్మని అడుగు, ఒక్క ఇల్లు తక్కువైంది, మీరు ఊఁ అంటే అయిపోతుంది" అన్నాడు. ఆయన వెనక తాడుకి నల్లమేక, చెవి చీలింది దానికి, దాన్ని నేను ఎరుగుదును, బడికి వెళ్లేదారిలో కంచెలోంచి తల పెట్టి నా సంచీ వాసన చూసేది. "మాకొద్దు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి మేకని తిప్పుకుని వెళ్లిపోయాడు. అంతే, ఒక్క మాట. ఆ మర్నాడు బడికి వెళ్తుంటే అది కంచెలోనే ఉంది. ఆ మర్నాడూ ఉంది. ఆకు తింటూ, తుమ్ముతూ, ఏమీ ఎరగనట్టు. రోజూ దాని ముందు నిలబడి నేను నా మాటని చూసుకునేదాన్ని, నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండేది నా మాట. కొన్నాళ్లకి మళ్లీ ఆయన తిరిగాడు, ఈసారి అమ్మ ఉంది, సరేనంది. నేనూ తిన్నాను, రుచిగానే ఉంది, పిల్లల మనసు అంతే. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ కొన్నాళ్లు ఏమిటి అనిపిస్తుంది. మేకని కాపాడానని అనలేను. ఏమీ చెయ్యలేదనీ అనలేను. ఆ కొన్నాళ్ల ఆకు అది తిన్నది. నాకది లెక్కకి అందదు గానీ దాని నోటికి అందింది. ఈ పట్నంలో అలా ఎవరూ ఇంటింటికీ వచ్చి అడగరు. తెల్లారేసరికి లారీ వచ్చి పంజరం నింపి పోతుంది, నేను మూడేళ్లుగా వద్దంటున్న సంగతి ఆ లారీకి తెలుసో తెలీదో. నల్ల సంచీ ఆరు రోజులు రాకపోతే మటుకు ఈ కొట్టాయనకి తెలుస్తుంది. మా నాన్న ఎక్కడా అని అడుగుతాడు కూడా.

హెల్మెట్ ఆయన వంతు వచ్చింది. మూడు చూపించాడు, మూడింటికీ మూడు కారణాలు చెప్పాడు, ఆ రెక్క వెడల్పు చూడు బాబాయ్ అంటున్నాడు. కత్తి చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు మా వంటింట్లోనూ ఉంటుంది, ఇంకాస్త చిన్నగా, సాయంత్రాలు. తెచ్చేది నాన్న, తినేది నాన్న, కడిగేదీ కోసేదీ అమ్మ. పొద్దున నేను సంచీ తీసుకుంటుంటే ఉల్లిపాయల మీద నుంచి తలెత్తకుండా, "నీ ఇష్టమే, నేను చెప్పకూడదు" అంది అమ్మ. అంటే చెప్పబోతోందని అర్థం. "మీ ఇద్దరి పంతాలకి మధ్యలో చాకు పట్టుకుని కూచునేది నేనే కదే. ఆరు రోజులు నా చేతులు ఉత్త సబ్బు వాసన వస్తే ఎలా ఉంటుందో చూడాలనుంది." వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది, ఉల్లిపాయ వాసనకి కళ్లు మూసుకుని, నవ్వింది. ఆ కాలు బెణికింది మంగళవారం. ముక్కలు కడిగిన నీళ్లు దొడ్లో పారబొయ్యడానికి వెళ్తూ, ఆ నీళ్లే ఒలికి, ఆ నీళ్ల మీదే జారింది. నాన్న అప్పుడే స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటున్నారు. లేవదీశారు. కుర్చీలో కూచోబెట్టి, బకెట్ తనే తీసుకెళ్లి పారబోసి, గుడ్డ తెచ్చి వంటింటి నేల తుడిచారు, ఆయన నేల తుడవగా నేను చూడ్డం అదే మొదలు, తలుపు రెక్కకి రంగు వేసినట్టు పైనుంచి కిందికి తుడిచారు. ఆ మర్నాడు బుధవారం.

ఇంతసేపూ ఇది నాకెందుకు తట్టలేదు. మంగళవారం, బుధవారం, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నేను మాత్రం బేరం నా మీదే అనుకున్నాను, నన్ను ఓడించడానికే అనుకున్నాను, అక్కా అదే అంది. అందులో అది కూడా ఉందేమో, నేను వేరే గిన్నెలో తినడం ఆయనకి మూడేళ్లుగా గుచ్చుకుంటూనే ఉంది. కానీ అమ్మని చూసి, నా వల్లే పడ్డావు, ఇంక రోజూ తేను అనే మాట మా నాన్న నోట్లో లేదు, ఎక్కడ వెతికినా దొరకదు. ఆయన ఏదీ ఒక్కరే మానలేరు. అవతలి కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. చుట్ట మానడానికీ అంతే, నువ్వు సైకిలు నేర్చుకో, నేను చుట్ట మానేస్తా అని అమ్మతో బేరం. అమ్మ మోచేతులు గీరుకుపోయి, ఇరుగుపొరుగు నవ్వులు పడి, చివరికి వీధి మలుపు దాకా తొక్కి, దిగడం తెలియక గోడకి ఆనించి, మానెయ్యి ఇంక అని అరిచింది. ఆ పూటే మానేశారు. మళ్లీ ముట్టలేదు. ఆయన మాట తప్పరు, అది నాకు తెలుసు, తప్పుతారనే అనుమానం ఉంటే ఇవాళ నాకింత ఇబ్బంది ఉండేది కాదు. షెడ్డులో కూడా నన్ను అలాగే పిలిచేవారు. పొడుగాటి ఇనప పట్టీ అతకాలంటే అవతలి కొస ఊగకుండా ఎవరో పట్టుకోవాలి. "కొస గట్టిగా పట్టుకో. వెలుగుకేసి చూడకు" అనేవారు. నేను మొహం పక్కకి తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో పట్టుకునేదాన్ని. చేతుల్లోకి సన్నగా వణుకు వచ్చేది, వెచ్చదనం వచ్చేది. అతుకు పడిన సంగతి చూడకుండానే తెలిసేది.

"చెప్పమ్మా" అన్నాడు కొట్టాయన. నా వంతు. "మీ అమ్మ రాలేదే?"

"కాలు బెణికిందండీ."

"అయ్యో. రెండేగా, ఎప్పట్లా?"

రెండు అనడానికి నోరు తెరిచాను. నాన్న చెప్పింది రెండు. బేరం కుదిరాక కొసరు అడగడం ఆయన దగ్గరే చూశాను, ఎదుటివాడు సరే అనగానే, మరి గొళ్లెం మీదే కదా అంటారు తాపీగా. ఎదుటివాడు నవ్వి ఇస్తాడు. నేను ఇంతవరకూ ఎవరినీ కొసరు అడగలేదు. వెనక్కి తిరిగాను. "నర్సమ్మగారూ, సగం నేను తీసుకుంటాను."

"ఏమిటమ్మా?"

"సగం మీరు, సగం నేను. ఒక్కదాన్నే కొట్టించుకుందాం."

ఆవిడ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఏళ్ల తరబడి అడుగుతున్న మనిషికి ఎవరైనా సరేనంటే ఏం చెయ్యాలో తెలియలేదు. "మీ ఇంటికి చాలుతుందా మరి" అంది చివరికి.

"సగమా? మీ నాన్నకా?" కొట్టాయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఆయన పంటి కిందికి కూడా రాదు తల్లీ. రేపు నా మీదకొస్తాడు గొడవకి."

"మా నాన్నతో నేను మాట్లాడతాను" అన్నాను. ఆ వాక్యం నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. పాత వాక్యం ఖాళీ చేసిన చోట ఇది వచ్చి కూచున్నట్టనిపించింది. నిలబడుతుందో లేదో మధ్యాహ్నం తెలుస్తుంది. ఆరు రోజులు మానడం మీ వంతు, ఒక్క ముక్క తినడం నా వంతు, ఆదివారం తెచ్చేది సగమే. అదీ నా కొసరు. ఆయన అరుస్తారు. కాసేపు అరిచి, అమ్మ కాలి కేసి చూసి, కంచం ముందుకి లాక్కుంటారు. లాక్కోకపోవచ్చు కూడా.

"సరే, ఏదో చూపించు" అన్నాడాయన.

అమ్మ ఎప్పుడూ ఈ పని చేసేది కాదు, మొహం తిప్పుకుని ఏదో ఒకటి వెయ్యి బాబాయ్ అనేది. మధ్య అంతస్తులో అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఎందుకో ఇప్పుడు అర్థమైంది, అటు వైపు నుంచి గాలి వస్తోంది. కారణం వెతుక్కుంటూ కూచుంటే ఇక్కడే సాయంత్రమవుతుంది, ఏ కారణమూ సరిపోదు. అందరికన్నా దగ్గరగా ఉన్నదాన్ని చూపించాను. నా వేలు చూపించింది, వేరే ఎవరి వేలూ కాదు. అది నా కేసి ఒక కంటితో చూసింది. పక్షి రెప్ప కింద నుంచి పైకి వచ్చి మూసుకుంటుంది, మన లాగా పైనుంచి కిందికి కాదు, రోజంతా కళ్ల పని చేస్తూ ఈ సంగతి ఇవాళే చూశాను. ఆరు సంచీల లెక్క దీనికి చెప్పలేను. దీనికి ఆరు లేదు, ఏడు లేదు, నేను చూపించిన వేలు ఒక్కటే ఉంది. అక్క మాట ఇక్కడ, ఈ ఒక్క చోట, పూర్తిగా నిజం. రేపు బల్ల దగ్గర ఆ మాటే చెప్తాను అక్కకి, మిగతాది కూడా చెప్తాను, మర ఆపి వింటే.

ఆయన దాన్ని తూకంలో పెట్టాడు, తీశాడు. నేను మొహం తిప్పుకోలేదు. కళ్లు మూసుకోలేదు. చాలా తొందరగా అయిపోయింది, నేను అనుకున్నదానికన్నా, అంత తొందరగా అయిపోవడమే చూడ్డానికి కష్టంగా ఉంది. డ్రమ్ములో చప్పుడు ఆగేదాకా నర్సమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని ఉంది, నా కోసమో తన మోకాళ్ల కోసమో తెలీదు. మొద్దు మీద నిలువునా రెండు చేశాడు. ఒక సగం ఆవిడ సంచీలోకి వెళ్లింది. "ఇవాళ కాస్త, రేపు కాస్త, అంతే" అని ఆవిడ తనలో తను అనుకుంది, సంచీ ఎత్తి బరువు చూసుకుని, తేలిగ్గా ఉందన్నట్టు నాకేసి తలూపింది.

"నీకు ముక్కలెలా కొట్టను, పెద్దవేగా?"

"పెద్దవే. ఒక్కటి మాత్రం చిన్నది కొట్టండి."

"పిల్లలెవరైనా వచ్చారా ఇంటికి?"

"లేదండీ. నాకే."

"అయితే మెత్తగా ఉన్న చోటిది కొడతా" అన్నాడు, మామూలుగా, నేను వారం వారం వచ్చేదాన్నే అన్నట్టు. కొట్టి, అన్నీ కలిపి నల్ల సంచీలో వేసి, మూతి ముడి వేసి ఇచ్చాడు. రెండు చేతులతో అందుకున్నాను. వెచ్చగా ఉంది. మూడేళ్లలో ఆ సంగతి మర్చిపోయాను.